గోదావరి లోయలో పెద్దకాలు

బాతుముక్కు డైనోసార్ల ఎముకలు ఎక్కువగా దొరికింది ఉత్తర అమెరికాలో, తూర్పు ఆసియాలో. 1858లో అమెరికాలోని న్యూజెర్సీలో వెలికితీసిన అలాంటి అస్థిపంజరానికి శాస్త్రవేత్త జోసెఫ్ లైడీ హాడ్రోసారస్ అని పేరు పెట్టాడు. ఆ వంశం వెలిగిన కాలానికి భారత భూభాగం సముద్రం నడుమ ద్వీపంగా ఉత్తరానికి సాగుతోంది. తెలుగు నేల దాచుకున్న డైనోసార్లు అంతకంటే చాలా పాతవి, వేరే వంశానివి: పొడుగు మెడతో నాలుగు కాళ్ళమీద నడిచే శాకాహారులు.

ప్రాణహిత, గోదావరి లోయలో సింగరేణి బొగ్గు ఉన్న గోండ్వానా రాళ్ళకు పైన, కోట అనే పల్లె పేరిట పిలిచే పొరలున్నాయి. 19వ శతాబ్దం మధ్యకే అక్కడి సున్నపురాయిలో చేపల శిలాజాలు బయటపడ్డాయి. పెద్ద ఎముకల వంతు మరో వందేళ్ళకు వచ్చింది. కలకత్తాలోని భారత గణాంక సంస్థకు దాని స్థాపకుడు మహలనోబిస్ పిలుపుమీద 1957లో శిలాజ శాస్త్రవేత్త పామెలా రాబిన్సన్ వచ్చింది. లెక్కల సంస్థకు ఎముకలతో పనేమిటనిపించవచ్చు గానీ, ప్రకృతి శాస్త్రాలన్నీ గణాంకాల పరిధిలోకి రావాలన్నది మహలనోబిస్ పట్టుదల.

1958లో పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) తొలి ఎముకలు కనిపించాయి. 1960, 61లలో తవ్వకం సాగి, దాదాపు 300 ఎముకలు చేతికొచ్చాయి. వాటి పక్కనే పెద్ద చెట్ల మానులు కూడా శిలాజాలై ఉండటంతో, వరద మందను మానులతో సహా కొట్టుకొచ్చి ఒకచోట పడేసిందని ఊహించారు. ఒక తొడఎముక పొడవు సుమారు 1.7 మీటర్లు, అంటే నిలబెడితే మనిషంత. అందుకే తవ్వినవాళ్ళు దాన్ని బెంగాలీలో 'బడో పా', పెద్దకాలు, అన్నారు. 1961 టాగోర్ శతజయంతి సంవత్సరం కూడా కావడంతో, 1975లో ప్రకటించిన శాస్త్రీయ నామం బరపాసారస్ టాగోరై అయింది. గోదావరి లోయలో దొరికిన జంతువుకు బెంగాలీ పేరు స్థిరపడింది.

తెలుగు ఊరికి ఆ గౌరవం తర్వాత దక్కింది. 1970ల చివర్లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు సేకరించింది. 1988లో శాస్త్రవేత్త యాదగిరి ఆ జంతువుకు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు: పొర పేరూ ఊరి పేరూ రెండూ అందులో కలిశాయి. తొమ్మిది మీటర్ల ఆ అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. తల మాత్రం, రెండు పళ్ళు తప్ప, దొరకలేదు. బరపాసారస్‌దీ అదే కథ, మూడు పళ్ళే మిగిలాయి.