వల్లువము మొదలు కాగితపు పర్సు వరకు

పోచంపల్లి అనిన వెంటనే వినువారి కన్నులకు పట్టుచీర కనిపించును. అది వారి తప్పు కాదు. తెలంగాణమున భువనగిరికి చేరువనున్న పోచంపల్లి నేతకు పేరుపొందినది. 1951 ఏప్రిల్ 18న వినోబాభావేకు వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు దానమిచ్చి భూదానోద్యమమునకు నాంది పలికినదియు అక్కడనే. మేము చెప్పబోవునది ఆ ఊరిని గూర్చి కాదు. తమిళనాడున, కృష్ణగిరి జిల్లాలోని మా పోచంపల్లిని గూర్చి. ఇచ్చట ఆదివారపు సంత కలదు, చింతచెట్లు కలవు, మామిడితోపులు కలవు. ఆ చీరలు మాత్రము లేవు. "పోచంపల్లినుండి వచ్చుచు ఒట్టి చేతులతో వచ్చితిరా?" అని దూరపు చుట్టములు అడిగినపుడు మేము నవ్వి యూరకుండుట వాడుక.

ఇటీవల మా యిండ్లలో ఒక కొత్త పని బయలుదేరినది. పెండ్లికి, సీమంతమునకు, ఉగాది తాంబూలమునకు ఆడువారు రంగుకాగితములతో పర్సు ఆకారమున చిన్న పెట్టెలు చేయుచున్నారు. లోపల ఒక మిఠాయి, రెండు వక్కలు, ఒక రూపాయి బిళ్ల. పైన పూస గుండీ, పట్టుకొనుటకు కాగితపు పిడి. దానికి జతగా అదే రంగున పేరు వ్రాయు చీటీ, కుంకుమ పొట్లము, చదివింపుల కవరు. చూచుటకు ముద్దుగా నుండును. పెద్దలు కొందరు మాత్రము "ఇది మన పని కాదు, సీమ దేశపు ఆటవస్తువు" అని పెదవి విరిచిరి. మేమును మొదట అట్లే తలచితిమి. ఆలోచించిన కొలది మా యభిప్రాయము మారినది. ఎట్లు మారినదో చెప్పుటయే ఈ వ్యాసము.

పర్సు అనునది ఇంగ్లీషు మాట. దాని మూలము గ్రీకు భాషలో తోలు అను అర్థముగల బుర్స అను పదము. మన తిత్తియు తోలుదే కదా! రూకలు దాచుకొను సంచికి తెలుగున ఒక పేరు కాదు, ఒక గంపెడు పేర్లున్నవి. నడుమునకు చుట్టుకొను పొడవాటి సంచి వల్లువము. జాలె యనినను అట్టిదే. భుజముమీద వేసికొనునది అసిమి. దారముతో వలవలె అల్లినది చిక్కము. తమలపాకులు, వక్కలు పెట్టుకొనునది అడపము. రాజులకు దానిని మోయుటకు అడపగాడని ప్రత్యేకముగ ఒక మనిషి యుండెడివాడు. స్త్రీలకు ఇవేవియు అక్కరలేదు, కొంగుముడి చాలును. ఇన్ని పేర్లుండుటకు కారణము లేకపోలేదు. సొమ్ము లోహమై యున్నంత కాలము అది బరువు, గుండ్రన, గలగలమనును. కనుక సంచి పొడవుగా, మూతి బిగియునట్లు, ఒంటికి అంటియుండవలెను. సంత దారిలో దొంగల భయము ఎటులును ఉన్నదే.

సొమ్ము రూపము మారగానే సంచి రూపమును మారినది. 1861లో కాగితపు నోట్ల చట్టము వచ్చినది. 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు వెలువడినది. అంతవరకు నోటు అనగా షావుకారుల చేతిలోని వస్తువు. యుద్ధకాలమున వెండి కరవై ఒక రూపాయియే కాగితమగుటతో సామాన్యుని చేతికిని అది వచ్చి చేరినది. కాగితమునకు మూతి బిగించు సంచి పనికిరాదు, నలిగిపోవును. దానికి మడతలు గల బల్లపరుపు సంచి కావలెను. పర్సు అను మాట మన నోట నాటుకొనుటకు ఈ మడతయే కారణమని మా నమ్మకము. కొత్త వస్తువుతో కొత్త పేరు వచ్చెను. పాత సంచితో పాత పేర్లు మూలబడెను.

మడత మనకు కొత్తదా? కాదు. ఈ సీమలోని వర్తకులు, కరణములు కడితమను ఒక పుస్తకమున లెక్కలు వ్రాసెడివారు. మైసూరులో బ్రిటిషు రెసిడెంటుగా పనిచేసిన మార్కు విల్క్సు 1810లో అచ్చువేసిన తన చరిత్ర గ్రంథపు మొదటి సంపుటమున దీనిని వర్ణించెను. నూలుగుడ్డ, వెడల్పు 8 అంగుళములనుండి ఒక అడుగు, పొడవు 12 మొదలు 18 అడుగులు. దానికి రెండువైపుల జిగురుతో కలిపిన బొగ్గుపొడి పూయుదురు. ఆరిన పిదప కత్తిరింపకయే సమానమైన మడతలుగా ముందుకు, వెనుకకు మడుతురు. రెండు కొనలకును రంగువేసి మెరుగుపెట్టిన చెక్క అట్టలు. మొత్తమును పట్టు సంచిలోనో నూలు సంచిలోనో ఉంచుదురు, లేదా నాడాతో కట్టుదురు. వ్రాయుట బలపముతో. తప్పు వచ్చిన తుడిచి తిరిగి వ్రాయవచ్చును. శృంగేరి మఠమున ఇట్టి కడితములు భద్రపరచబడి యున్నవి.

ఈ వర్ణనను మరియొకసారి చదువుడు. మెత్తని వస్తువును జిగురుతో బిరుసుచేయుట, కొలిచి మడచుట, అందమైన అట్ట తొడుగుట, నాడాతో బిగించుట: కాగితపు పర్సు చేయు మా ఇంటి యాడపిల్ల చేయునది సరిగా ఈ నాలుగు పనులే. కృష్ణగిరి మొదలగు బారామహల్ సీమ 1792 సంధి వరకు టిప్పుసుల్తాను ఏలుబడిలో నుండెను. హోసూరు ప్రాంతము 1799లో కుంపిణీ చేతికి వచ్చెను. కనుక విల్క్సు చూచిన మైసూరు లెక్కల పద్ధతి మన పెద్దలకు పరాయిది కాదు.

కడితపు జిగురు చింతగింజలదని పెద్దలు చెప్పుదురు. చింతచెట్టు లేని వీధి మా ప్రాంతమున అరుదు. గింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, నీటిలో ఉడికించిన చిక్కని జిగురు వచ్చును. కొండపల్లి బొమ్మలవారు రంపపు పొట్టుతో చింతగింజల పిండి కలిపి మక్కు చేసి, బొమ్మల అవయవములు అతుకుటయు ఇందుచేతనే. అట్టలు కట్టువారు పురుగు పట్టకుండ జిగురులో మైలుతుత్తము కలుపుదురు. అది విషము. మిఠాయి ఉంచు పెట్టెకు దానిని తగులనీయరాదు. ఏ పూటకు కావలసిన జిగురు ఆ పూట కాచుకొనుటయే మేలు.

పెట్టె చేయు విధము కొంచెము చెప్పెదము. దళసరి కాగితము 13 అంగుళముల పొడవు, 5 అంగుళముల వెడల్పున కత్తిరింపవలెను. దానిలో ముందు గోడకు 4, అడుగునకు 2, వెనుక గోడకు 4, మూతకు 3 అంగుళములు. ప్రక్కలకు రెండు ముక్కలు, ఒక్కొక్కటి 3 అంగుళముల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. ఇందు రెండు ప్రక్కలను, అడుగునను అర అంగుళము చొప్పున జిగురు పూయుటకు పోవును. ఈ ప్రక్క ముక్కను నిలువున నడిమికి లోపలివైపు మడచిన తిత్తి మూతివలె ముడుచుకొనును. పెట్టెకు పర్సు పోలిక తెచ్చునది ఈ ఒక్క మడతయే. దానిని వంకరగా మడచినచో తక్కిన శ్రమ యంతయు వ్యర్థము. మరియొక సంగతి. మిల్లు కాగితమునకు కర్రకువలె పోగు కలదు. పోగు వెంట మడచిన గీత నున్నగా వచ్చును, అడ్డముగ మడచిన పగులును. రెండు దిక్కులను మెల్లగా వంచి చూచిన ఏది సులువుగా వంగునో తెలియును. ముందు మొద్దు మొనతో గీత గీచి పిమ్మట మడవవలెను. పిడి, పూస, పువ్వు ఎవరి యిచ్చ వారిది.

కాగితపు మడతలో కానుక ఉంచుట లోకమంతట కలదు. చీనావారు ఎఱ్ఱ కవరులో కొత్త సంవత్సరపు రూకలిత్తురు. జపానులో తాతో అని సూదులు, దారములు దాచు మడత పొట్లము కలదు. మన పచారి కొట్టు పొట్లము మాత్రము తక్కువదా? ఒక్క కాగితపు ముక్క, రెండు మూరల దారము. జిగురు లేదు, పప్పు గింజ జారదు.

ఇక సొమ్ముసంచినే కానుకగా నిచ్చుట. మన మొక్కుబడి ముడుపు అదియే: పసుపుగుడ్డలో రూపాయి ముడి. తమిళ సోదరులు సన్మాన సభలలో పెద్దలకు సమర్పించు నిధిని పణముడిప్పు అందురు. మన ముడుపు, వారి ముడిప్పు ఒక తల్లి బిడ్డలే. ఇంగ్లీషు చదివిన మనవారు దానినే పర్సు సమర్పణ అనిరి. చదివింపులలో నూటపదహార్లు ఎందుకని కొందరడుగుదురు. నైజాము హాలీ రూపాయలు 7 ఇచ్చిన బ్రిటిషు రూపాయలు 6 వచ్చెడివి. ఆ లెక్కన నూరు రూపాయలకు నూటపదహారు చిల్లర పడును, ఆచారము అందుండి పుట్టినదని ఒక వాదము కలదు. హాలీ సిక్కా ముఖము చూడని మా సీమలోను నూటపదహార్లే చదివించుటచే ఆ వాదము మాకంతగా రుచింపదు.

పేరు చీటీల సంగతి చివరకు మిగిలినది. పెట్టె సిద్ధమైన పిదప చీటీపై ఏమి వ్రాయవలెనను ప్రశ్న వచ్చినది. పిల్లలలో పలువురికి తెలుగు మాటాడుట వచ్చును, వ్రాయుట రాదు. 2006 తమిళ అభ్యసన చట్టము 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక తరగతి ఎక్కి 2015–16కు పదవ తరగతికి చేరినది. తమిళము నేర్చుట మాకు కష్టము కాదు, సంతలో పుట్టి పెరిగిన వారము. తెలుగు గంట తగ్గుటయే కష్టము. అందుచే ఒక్కొక్క చీటీపై సంచికి గల పాత పేరు ఒక్కొక్కటి పిల్లలచేతనే వ్రాయించితిమి: వల్లువము, జాలె, అసిమి, తిత్తి, చిక్కము. మొదటి నాడు ఒకడు వల్లువమును వల్లవము చేసెను, దిద్దించితిమి.

తాంబూలము అందుకొనిన ఒక ముసలమ్మ తన చీటీ మనుమరాలిచేత చదివించుకొని, "చిక్కమా? అది దుక్కిటెద్దు మూతికి కట్టునది కదమ్మా, అందులో రూపాయి వేసినారేమి?" అని అడిగినది. ఆమె మాటయు నిజమే. ఎద్దు మూతి వలకును, రూకల వలకును పేరొక్కటే. ఆమెకు జాలె అని వ్రాసిన పెట్టె మార్చి యిచ్చితిమి. చిక్కమును మనుమరాలు తీసికొనిపోయినది.