ఊళ్ళోకి బ్రౌన్ బూట్లు కూడదు

మొన్నామధ్య మావాడికి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. లండన్ సిటీలో ఒక ఆర్థిక సంస్థలో వేసవి ఇంటర్న్‌షిప్. ముందురోజు రాత్రి వాడు నేవీ బ్లూ సూటు ఇస్త్రీ చేసుకుని తలుపుకి తగిలించి, దాని కింద తేనెరంగు బూట్లు నీటుగా సర్ది పెట్టుకున్నాడు. అవి చూసి నా గుండె గుభేలుమంది.

"ఒరేయ్, నల్లవి వేసుకోరా. నావి ఉన్నాయిగా, నీకూ సరిపోతాయి" అన్నాను.

"నల్లవా? సెక్యూరిటీ గార్డనుకుంటారు నాన్నా" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

లోపల్నుంచి మా ఆవిడ, "వాణ్ణి అడిగేది లెక్కలండీ, బూట్లు కాదు. పిల్లాణ్ణి పడుకోనివ్వండి" అంది.

సరే, పడుకోనిచ్చాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పాలంటే 1998కి వెళ్ళాలి.

ఆ ఏడు హైదరాబాదు నుంచి ఇక్కడికి బయల్దేరేముందు ఆబిడ్స్‌లో బూట్లు కొన్నాను. అప్పటిదాకా నా కాళ్ళకి తెలిసినవి బళ్ళోకి నల్ల బూట్లు, శనివారాలు తెల్ల కాన్వాసు బూట్లు (ఉతకడానికి బద్ధకమేసి చాక్‌పీసు రుద్దేవాళ్ళం), మిగతా ప్రపంచానికంతటికీ హవాయి చెప్పులు. నల్ల బూట్లంటే యూనిఫారం, పీటీ మాస్టారు, ఎండలో వరసగా నిలబడ్డం. పెద్దవాణ్ణయ్యాను, ఫారిన్ వెళ్తున్నాను, ఇంకా నల్లవేమిటి అనిపించి మంచి బ్రౌన్ జత తీసుకున్నాను. కొట్టాయన కూడా "అక్కడంతా ఇవే సార్" అని వత్తాసు పలికాడు.

సిటీలో ఒక క్లయింటు దగ్గర వై2కె పని. చేరిన మూడో రోజు, మంగళవారం, లిఫ్టులో అక్కడి మేనేజరొకాయన నా కాళ్ళకేసి చూసి, "ఏమిటి, వీకెండ్ అప్పుడే వచ్చేసిందా?" అన్నాడు నవ్వుతూ. ఏదో జోకనుకుని నేను ఆయనకన్నా గట్టిగా నవ్వాను. నెల్లాళ్ళ తరవాత పక్క సీటు గుజరాతీ మిత్రుడు టీ తాగుతూ అసలర్థం విప్పి చెప్పాడు. ఆ నెలంతా రోజూ ఆ బూట్లే వేసుకెళ్ళాను మరి, ఇంకో జత లేదు.

ఇంగ్లీషువాళ్ళకి ప్రాసతో ఒక సూత్రం ఉంది: నో బ్రౌన్ ఇన్ టౌన్. ఊళ్ళోకి బ్రౌన్ కూడదు. ఇక్కడ ఊరంటే లండనే. బ్రౌన్ బూట్లు పల్లెకి: వేట, గుర్రాలు, కుక్కలు, గట్ల మీద నడక. మట్టి అంటినా తెలీదు. పట్నంలో బాంకుకీ కోర్టుకీ నలుపు. శుక్రవారం సాయంత్రం రైలెక్కి పల్లెలో బంగళాకి పోయేవాడు మాత్రం ఆ పూటకి బ్రౌన్ వేసుకోవచ్చు. అదీ ఆ మేనేజరుగారి జోకు. పల్లెలో బంగళా లేనివాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఆఫీసులో ఏ గోడ మీదా రాసి ఉండదు. తెలిసినవాడికి తెలుసు, తెలియనివాడు దొరికిపోతాడు. అసలు ఆ సూత్రం ఉన్నదే అందుకని నా అనుమానం.

పోనీ ఈ నలుపేమైనా సనాతన ధర్మమా అంటే, కాదు. ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీకి 1701లో రిగో అనే చిత్రకారుడు వేసిన నిలువెత్తు పటం ఉంది. అరవై దాటిన రాజుగారు తెల్ల మేజోళ్ళతో పిక్కలన్నీ చూపిస్తూ, ఎర్ర మడమల జోళ్ళతో నిలబడి ఉంటారు. ఆ ఎర్ర మడమలు ఆస్థానంలో అడుగుపెట్టే అర్హత ఉన్న కులీనులకే. అంటే అప్పుడూ రంగు గేటు దగ్గర కాపలాయే, కాకపోతే ఎరుపు. 1789 తరవాత ఆ దేశంలో ఎర్ర మడమలతో తిరగడం ఆరోగ్యానికి మంచిది కాదని అందరికీ అర్థమైపోయింది. ఆ పైన మగవాళ్ళు పట్టూ జరీ రంగులూ వదిలేసి ముదురు రంగుల్లోకి దిగిపోవడాన్ని ఫ్లూగెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1930లో 'మగవారి మహా పరిత్యాగం' అన్నాడు. బుద్ధుడి రేంజిలో ఉంది పేరు!

ఇంగ్లండులో ఈ పరిత్యాగానికి గురువు బో బ్రమ్మెల్. ప్రభువంశం వాడేం కాదు, తండ్రి ఒక ప్రధానమంత్రికి ప్రైవేటు సెక్రటరీ. నీలం కోటు, లేతరంగు పంట్లాం, అద్దంలా మెరిసే నల్ల బూట్లు, అంతే. ఆ 'అంతే'కి గంటలు పట్టేదిట. యువరాజు అంతటివాడు కూడా ఇతన్ని చూసి నేర్చుకున్నాడు. చివరికి అప్పులపాలై 1816లో ఫ్రాన్సుకి పారిపోయి, 1840లో కాన్ పట్నంలో మతి చెడి పోయాడు. అతని నలుపు మాత్రం మిగిలింది. బొగ్గుపొగ, గుర్రాల పేడ, చిత్తడి నిండిన లండనుకి నలుపు చక్కగా అతికింది కూడాను.

ఆ మెరుపు ఊరికే రాదు. కాల్చిన ఎముకల మసి, చెరకు మడ్డి, వెనిగరు వగైరాలు కలిపి సీసాల్లో పోసి అమ్మేవాళ్ళు, బ్లాకింగ్ అని. 1824లో లండన్లో వారెన్ బ్లాకింగ్ ఫాక్టరీలో పన్నెండేళ్ళ కుర్రాడొకడు వారానికి ఆరు షిల్లింగులకి ఆ డబ్బాల మీద కాగితాలు అంటించేవాడు. తండ్రి అప్పు తీర్చలేక జైల్లో ఉన్నాడు. ఆ కుర్రాడే చార్లెస్ డికెన్స్. ఆ అవమానాన్ని ఆయన బతికుండగా లోకానికి చెప్పుకోలేదు. 1870లో పోయాక స్నేహితుడు రాసిన జీవితచరిత్రలో బయటపడింది. పెద్దమనుషుల బూట్ల మెరుపు వెనక ఆ కుర్రాడున్నాడని తెలిశాక పాలిష్ డబ్బా మూత తీస్తే నాకు వాడే గుర్తొస్తాడు.

బ్రౌన్ సంగతికొస్తే, అందులో మన వాటా ఉంది. అదేమిటో ఇక్కడికొచ్చాకే తెలిసింది నాకు. చెట్టు బెరడులో ఉండే టానిన్‌తో పచ్చితోలుని పదును చేస్తారు. మన పక్క వాడింది తంగేడు చెక్క. అవును, బతుకమ్మలో పేర్చే తంగేడే. ఆ తంగేడు చెక్కతో పదును చేసిన ఆవుతోళ్ళు లేత పసుపు గోధుమరంగులో ఉంటాయి. వెలుతురు తగిలితే ఎర్రబడిపోతాయని చివర్లో కరక్కాయ నీళ్ళు పట్టించేవారు. 'ఈస్టిండియా కిప్స్' అనే పేరుతో ఇవి మద్రాసు రేవు నుంచి ఓడలకెక్కి లండన్ మార్కెట్టుకి వచ్చేవి. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల బూట్ల పైతోలు కోసం ప్రభుత్వం ఈ సరుకంతా తన అదుపులోకి తీసుకుంది. ఇలాంటి తోలుకే ఇనప లవణం పట్టిస్తే నల్లగా మారుతుంది. మన తాతలు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకున్న పద్ధతే. నల్లబూటంటే ఒకరకంగా సిరాలో ముంచిన బ్రౌన్ బూటన్నమాట.

(తరవాత 1884లో అమెరికాలో పేటెంటైన క్రోమ్ పద్ధతి వచ్చి బెరడుని వెనక్కి నెట్టింది. మద్రాసులో లోకల్ రైలెక్కితే తగిలే క్రోంపేట, అక్కడి క్రోమ్ లెదర్ కంపెనీ వల్ల వచ్చిన పేరే.)

తోలూ మనదే, బెరడూ మనదే. ఆ తోలుతో దొరలు కుట్టిన బూట్లకీ, మనవాళ్ళు కుట్టిన చెప్పులకీ మర్యాద మాత్రం ఒకటి కాదు. కంపెనీ రోజుల్లో దొర ఎదటికి వెళ్ళాలంటే మనవాళ్ళు పాదరక్షలు విప్పాల్సిందే. ఇది మీ దేశాచారమే కదా అనేవారు. 1854లో డల్హౌసీ ప్రభుత్వం ఒక తీర్మానం చేసింది: యూరోపియన్ పద్ధతి బూట్లూ మేజోళ్ళూ వేసుకున్న దేశీయ పెద్దమనుషులు కలకత్తా గవర్నమెంటు హౌసులో వాటితోనే కనబడవచ్చని. స్వదేశీ జోళ్ళు వేసుకున్నవాళ్ళకి ఈ వెసులుబాటు లేదు. 1868లో దాన్ని ఇంకొంచెం విస్తరించారు.

1874లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు కలకత్తా మ్యూజియం, ఏషియాటిక్ సొసైటీ ఉన్న భవనానికి వెళ్ళాడు, మామూలుగా పంచె, చెప్పులతో. వాకిట్లోనే ఆపేశారు. ఇంగ్లీషు బూట్ల వాళ్ళు మాత్రం ఆయన కళ్ళముందే లోపలికి పోతున్నారు. ఆయన వెనక్కి తిరిగి వచ్చేసి, ఇదేం తేడా అని ధర్మకర్తలకి ఉత్తరం రాశాడు. మనం కందుకూరి వీరేశలింగంగారిని దక్షిణదేశపు విద్యాసాగరుడంటామే, ఆ విద్యాసాగరుడే. అంతటి పండితుడికే ద్వారం దగ్గర చదువు పనికిరాలేదు.

దొరల్ని తిట్టుకోవడం సులువే గానీ, ఇంకో సంగతి దాచేస్తే నాకే బాగుండదు. మా తాతయ్యకి కిర్రుచెప్పులు కుట్టి తెచ్చిచ్చే ఆయన మా వీధి మొదట్లోనే తన చెప్పులు విప్పి చేత పట్టుకుని వచ్చేవాడు. నేను కళ్ళారా చూశాను, చిన్నప్పుడు. తోలు పదును చేసి, కుట్టి, ఆవదం రాసి మెత్తబరిచి తెచ్చిన మనిషి ఒట్టికాళ్ళతో వచ్చి అరుగు కింద నిలబడేవాడు. వీధిలో వాళ్ళెవ్వరికీ అందులో వింత కనబడలేదు, నాకూ కనబడలేదు. లిఫ్టులో నాకు తగిలిన జోకు దీని ముందు ఏపాటిది!

మళ్ళీ సిటీకొద్దాం. మాలాంటి సాఫ్టువేరు జనాలకి ఈ బాధ త్వరగానే తగ్గింది. ముదురు సూటూ తెల్లచొక్కాతో ప్రపంచానికంతా తెలిసిన ఐబీఎం కూడా 1995లో గెర్స్ట్‌నర్ హయాంలో ఆ నియమం ఎత్తేసింది. అంతకు మూడేళ్ళ ముందే డాకర్స్ పంట్లాములమ్మే లీవైస్ వాళ్ళు 'ఆఫీసుకి సాదా బట్టలు ఎలా వేసుకోవాలి' అని ఒక పుస్తకం వేసి అమెరికాలో పాతికవేల మంది హెచ్ఆర్ మేనేజర్లకి పంపారు. సరుకు అమ్ముకోడానికి నియమం మార్చడం, తెలివంటే అదీ. ఇటలీవాళ్ళు ఎప్పణ్ణుంచో నీలం సూటు మీదకి బ్రౌనే వేసుకుంటున్నారు, ఎవరూ ఏమనరు. అమెరికా సైన్యం 1950లలో బ్రౌన్ నుంచి నలుపుకి మారి, 2018లో ప్రకటించిన కొత్త యూనిఫారంతో మళ్ళీ బ్రౌన్‌కి వచ్చింది.

అంతా మారిపోయిందనుకుంటూ ఉండగా 2016 సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వానికి సలహాలిచ్చే సోషల్ మొబిలిటీ కమిషన్ ఒక నివేదిక తెచ్చింది. పేదింటి పిల్లలు ఎంత చదువుకున్నా ఇన్వెస్ట్‌మెంటు బాంకుల్లోకి ఎందుకు రాలేకపోతున్నారన్నది ప్రశ్న. అందులో దొరికిన కారణాల్లో ఒకటి, సూటు మీద బ్రౌన్ బూట్లు! కొన్ని విభాగాల్లో బ్రిటిషువాళ్ళకి అది సాధారణంగా కూడదట. ఒక కుర్రాడికైతే, నీ టై మరీ గోలగా ఉందన్నారట. ఆ వార్త చదివినప్పుడు నాకు కొంచెం సంతోషం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నా తెలివితక్కువతనం అనుకున్నది సర్కారు నివేదికకెక్కింది మరి.

2019లో గోల్డ్‌మన్ శాక్స్ కూడా డ్రెస్ కోడ్ సడలించింది. తరవాత కోవిడ్ రెండేళ్ళూ ఎవరి కాళ్ళకి ఏముందో ఎవరికీ కనిపించలేదు. 2023 జనవరిలో, 1906లో మెల్‌బోర్న్‌లో పుట్టిన కివీ పాలిష్‌ని బ్రిటన్లో ఇక అమ్మబోమని దాని యజమానులు ప్రకటించారు. పాలిష్ పెట్టుకునే బూట్లు వేసేవాళ్ళే తగ్గిపోయారట.

ఇన్ని తెలిసీ ఆ రాత్రి నేను పన్నెండింటికి లేచి, నా దగ్గర మిగిలిన కివీ డబ్బా తీసి, మావాడి తేనెరంగు బూట్లకి పాలిష్ పెట్టాను. నల్లవి పక్కన పెడదామా అని కూడా అనుకున్నాను గానీ, వాడు నవ్వుతాడని మానేశాను.

సాయంత్రం వాడు ఇంటికి రాగానే, "ఎలా చేశావురా?" అన్నాను.

"ఫరవాలేదు నాన్నా. ఇంటర్వ్యూ చేసినాయన సూటు మీద తెల్ల స్నీకర్లు వేసుకున్నాడు" అన్నాడు. కంపెనీ పేరు కూడా చెప్పాడు. ఫోన్లో వెతికి చూపించాడు: మూడొందల యాభై పౌండ్లు. "దూరం నుంచే గుర్తుపట్టేశాను" అన్నాడు గర్వంగా.

కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ పెద్దది చేసి చూశాను. శనివారాలు చాక్‌పీసు రుద్దుకుని బడికి వేసుకెళ్ళిన కాన్వాసు బూట్లలాగే ఉన్నాయి.