సూక్ష్మబోధన నుండి పాడ్‌కాస్టు దాకా

బీఈడీ చదివినవారికి సూక్ష్మబోధన కొత్త కాదు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. ఛాత్రోపాధ్యాయుడు కొద్దిమంది పిల్లలకు కొన్ని నిమిషాల పాఠం చెప్పి, వీడియోటేపులో తన్ను తాను చూసుకొని, దిద్దుకొని, మళ్లీ చెప్పేవాడు. మన ఎన్‌సీఈఆర్‌టీ నమూనాలో ఈ చక్రానికి 36 నిమిషాలు. ఇక్కడ పిల్లల స్థానంలో సహాధ్యాయులు కూర్చున్నారు. టేపు స్థానంలో వారి విమర్శ, పర్యవేక్షకుల విమర్శ చేరాయి. తన లోపాన్ని ఇతరులు చెప్పగా తెలుసుకోవడం వేరు, తన చెవితో తాను వినడం వేరు.

ఆ అవకాశాన్ని పాడ్‌కాస్టు తిరిగి తెచ్చింది. ధ్వనిని కత్తిరించి అతికే ఆడాసిటీ 2000 మే నెలలో ఉచితంగా వెలువడింది. అదే ఏడాది డిసెంబరులో డేవ్ వైనర్ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడుకు ధ్వనిఫైలును జతపరచే వీలు కల్పించాడు. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్‌స్లీ 'గార్డియన్' పత్రికలో 'పాడ్‌కాస్టింగ్' అన్న మాట వాడాడు. 2005 జూనులో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులకు చోటిచ్చింది.

పాడ్‌కాస్టులో పాఠం చెప్పేవారికి నల్లబల్ల ఉండదు. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి బంగాళాఖాతం చేరే దారిని మాటలతోనే గీయాలి. తడబాట్లను, ఊతపదాలను కత్తిరించవచ్చు. అస్పష్టమైన వివరణను ఏ కత్తెరా బాగుచేయదు. అందుకు పాఠప్రణాళిక వద్దకే తిరిగి వెళ్లాలి. ప్రచురించాక పరీక్ష మరింత కఠినం. మార్కులు వేసే పర్యవేక్షకుడు చివరిదాకా కూర్చుంటాడు. విసిగిన శ్రోత కూర్చోడు. ఉపాధ్యాయ శిక్షణలో ఆ శ్రోతకూ ఒక పీట వేయాలని నా మనవి.