కంటిలోపలి అద్దం

సోడాబుడ్డి కళ్లద్దాలు అని మనం తేలిగ్గా అనేస్తాం. మైనస్ పన్నెండు పవరున్న పిల్లకు అద్దాలు తీస్తే బెత్తెడు దూరం దాటాక అంతా మసకే. పెట్టుకుంటే ఆ దళసరి అద్దాల వెనక కళ్లు చింతగింజల్లా కనిపిస్తాయి, ఆమెకు లోకమే కుంచించుకుపోతుంది.

ఆ అద్దాన్ని కంటిలోపలే పెట్టొచ్చన్న కథ మాత్రం విమానాల దగ్గర మొదలైంది. బేగంపేట పాత విమానాశ్రయంలో విమాన ప్రదర్శన జరిగినప్పుడు పైలట్ల తలల మీద తళుక్కుమనే పారదర్శకమైన కప్పు చూసే ఉంటారు. 1940 ఆగస్టులో బ్రిటిష్ పైలట్ గోర్డన్ క్లీవర్ నడుపుతున్న హరికేన్ విమానానికి అలాంటి కప్పే పగిలి, పర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ తునకలు ఆయన రెండు కళ్లలోకీ దూసుకుపోయాయి. అవి లోపలే ఉండిపోయినా కన్ను వాటిని నెట్టేయలేదని లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949 నవంబర్ 29న శుక్లం తీసిన కంట్లో ఆ ప్లాస్టిక్‌తో చేసిన లెన్సు అమర్చాడు.

దగ్గరచూపు సంగతి వేరు. ఇక్కడ సొంత లెన్సు ఆరోగ్యంగానే ఉంటుంది. 1890లో ఫుకాలా అనే వైద్యుడు దాన్నే తీసేసి చూశాడు. దగ్గరివీ దూరానివీ సర్దుకుని చూసే శక్తి దాంతోపాటే పోయింది, రెటీనా ఊడే ముప్పూ పెరిగింది. తీయకుండా ఇంకో లెన్సు చేర్చవచ్చన్న ఆలోచన 1953లో ఇటలీ వైద్యుడు స్ట్రాంపెల్లిది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ ఆలోచనే. కానీ కంటి రంగుపొర ఐరిస్‌కు ముందు పెట్టిన ఆ లెన్సులు కార్నియా లోపొర కణాలను దెబ్బతీశాయి. అవి మళ్లీ పుట్టే కణాలు కావు. స్పెయిన్‌లో బర్రాకేర్ తాను పెట్టినవాటిలో సగానికి పైగా వెనక్కి తీయాల్సి వచ్చింది.

తర్వాత నెదర్లాండ్స్‌లో యాన్ వోర్స్ట్ ఐరిస్‌ను కొక్కెంలా పట్టుకునే లెన్సు చేశాడు. మనదేశంలో దాన్ని శుక్లం రోగులకు విరివిగా వాడినవారు అమృత్‌సర్ డాక్టర్ దల్జీత్ సింగ్. మాస్కోలో ఫ్యోదొరోవ్ 1986లో లెన్సును ఐరిస్ వెనక్కి జరిపాడు. అసలు మలుపు అదే. 1993లో వచ్చిన ఐసీఎల్ అనే లెన్సు కూర్చున్నదీ అక్కడే: ముందు ఐరిస్, వెనక సొంత లెన్సు, నడుమ సన్నని సందు. మడిచి మూడు మిల్లీమీటర్ల గాటులోంచి పంపితే లోపల మెల్లగా విచ్చుకుంటుంది. కొలత పెద్దదైతే కంటిలోపలి నీరు బయటికిపోయే దారి మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. చిన్నదైతే సొంత లెన్సును తాకి శుక్లం తెస్తుంది. మొదట్లో నీటి ప్రవాహం కోసం ముందే లేజర్‌తో ఐరిస్‌కు రంధ్రం చేసేవారు. జపాన్ వైద్యుడు కిమియా షిమిజు లెన్సు నడుమనే 0.36 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టించాక ఆ అవసరం తప్పింది.

ఇప్పుడు మన హైదరాబాద్‌లోనూ, కార్నియా పలచనై చూపు సరిచేసే లేజర్‌కు పనికిరాని కళ్లకు ఐసీఎల్ పెడుతున్నారు. అవసరమైతే తీసేయొచ్చు కూడా. అయితే దగ్గరచూపులో సాగిన కనుగుడ్డు పొట్టిదవదు, రెటీనా పలచదనం ఎప్పటిలాగే ఉంటుంది. అద్దాలు వదిలేసిన ఆ పిల్ల కూడా ఏడాదికోసారి చుక్కల మందు వేయించుకుని రెటీనా చూపించుకుంటూనే ఉండాలి.