పచ్చి పందిరి నుంచి ఫంక్షన్ హాలు దాకా: జోగిపేట పల్లెల పెండ్లి

సంగారెడ్డి జిల్లా జోగిపేట చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు పెండ్లి అంటే ఆరుబయటే. ఇంటి వాకిట్లో, వాకిలి చాలకపోతే పక్కనున్న ఖాళీ జాగాలో పచ్చి కొమ్మలతో పందిరి వేసేవారు. ఆకుల్లో తిని, మట్టికుండల నీళ్లు తాగి, ఆముదపు దివిటీల వెలుగులో ఊరేగేవారు. పర్యావరణాన్ని కాపాడాలన్న తలంపు అందులో ఎవరికీ లేదు. ఊరి పొలిమేరలో దొరికేవి అవే వస్తువులు, చేతిలో నగదు తక్కువ, ఊళ్లోని చేతివృత్తులవాళ్ల శ్రమ దాదాపు ఉచితం. ఆ పెండ్లి ఎందుకు చెత్త మిగల్చలేదో తెలియాలంటే ఆకులను, కుండలను చూస్తే సరిపోదు. వాటిని ఎవరు తెచ్చారో, ఏం పుచ్చుకొని తెచ్చారో కూడా చూడాలి.

పెండ్లి కాలాన్ని పంచాంగం ఎంత నిర్ణయించేదో వ్యవసాయమూ అంతే నిర్ణయించేది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం ముఖ్యమైన లగ్గాల నెలలు. అప్పటికి జొన్న కోతలు అయిపోయి కల్లాలు ఖాళీ అవుతాయి, ఎడ్లకూ మనుషులకూ తీరిక చిక్కుతుంది. నల్లరేగడి నేలలో వానకాలం బండి చక్రం దిగబడితే లేవదు కనుక చుట్టాలు కచ్చురాల మీద వచ్చి పోవడానికి ఎండకాలమే వీలు. ఆషాఢంలో లగ్గాలు లేకపోవడానికి శాస్త్రం చెప్పే కారణం వేరే ఉన్నా, రైతు లెక్క ప్రకారం అది దుక్కికీ విత్తనానికీ అక్కరపడే నెల. ఎండకాలపు పెండ్లికి ఉన్న పెద్ద చిక్కు నీళ్లు. వైశాఖానికి చెరువులు అడుగంటుతాయి. మోటబావి నుంచి కాగులతో మోసిన నీటిని గోలాల్లో, రంజన్లలో నింపి, కింద ఇసుక పోసి నీడన పెట్టేవారు. మోసి తెచ్చిన నీరు కాబట్టి వాడకంలో పొదుపు దానంతట అదే వచ్చేది.

పందిరి పని లగ్గానికి రెండు మూడు రోజుల ముందు మొదలయ్యేది. గుంజలు పాతి, పైన వాసాలు పరిచి, నేరేడు, కానుగ, మామిడి వంటి చెట్ల కొమ్మలు కప్పేవారు. ఎక్కువ నీడ కావాలంటే ఈత కమ్మలు, తాటి కమ్మలు వేసేవారు. నేరేడాకు తొందరగా వాడదు, దట్టంగా పరుచుకుంటుంది. పందిరికి దాన్ని కోరుకోవడానికి ఆచారంతో పాటు ఈ సౌకర్యమూ ఉంది. కింద నేలను పెండతో అలికి ముగ్గు పెట్టేవారు. అలికిన నేల దుమ్ము లేవదు, కాలికి చల్లగా ఉంటుంది. గుంజలు, వాసాలు ఒక ఇంటి పెండ్లి నుంచి మరో ఇంటి పెండ్లికి పోయేవి. అన్నం వండే గుండీలు, గంగాళాలు సైతం అందరి ఇళ్లలో ఉండేవి కావు. ఉన్నవాళ్ల ఇంటి నుంచి తెచ్చుకొని, తోమి తిరిగి ఇవ్వడమే పద్ధతి.

పందిట్లోకి వచ్చే ముఖ్యమైన వస్తువు ఐరేని కుండలు. కుమ్మరి చేసిన ఈ కుండలకు సున్నం, జాజు పూసి గీతలు, చుక్కలు దిద్దుతారు. పెండ్లివారు డప్పులతో కుమ్మరి ఇంటికి పోయి, బియ్యం, బట్టలు ఇచ్చి వాటిని తెచ్చుకుంటారు. బాసింగాలు జీలుగు బెండుతో తయారయ్యేవి. చెరువు అంచుల్లో, నీరు నిలిచే చోట పెరిగే ఈ మొక్క కాండం తెల్లగా, తేలికగా ఉంటుంది. కత్తితో పలుచగా చీల్చి ఎలా కావాలంటే అలా మలచవచ్చు. తరువాతి కాలంలో దీని స్థానంలోకి థర్మాకోల్ వచ్చింది. తెలుపు, తేలికదనం రెంటికీ ఒకటే. ఒకటి చెరువులో పుట్టి మట్టిలో కలిసేది, మరొకటి పెట్రోలియం నుంచి వచ్చి ఎక్కడా కలవనిది.

విందుకు ఆధారం మోదుగ ఆకు. మోదుగ బంజరు భూముల్లో, చెలకల గట్ల మీద, గుట్టల వాలుల్లో ఎవరూ నాటకుండానే పెరిగే చెట్టు. ఒక్కో కాడకు మూడేసి వెడల్పాటి ఆకులుంటాయి. ఎండకాలం మొదట్లో ఆకు రాలి ఎర్రటి పూలతో నిండే ఈ చెట్టు, పూత అయ్యాక కొత్త ఆకు తొడుగుతుంది. మరీ లేత ఆకు చిరుగుతుంది, ముదిరినది కుట్టేటప్పుడు విరుగుతుంది. నడిమి ఆకునే ఏరాలి. కోసిన ఆకులను ఆరబెట్టి, కట్టలు కట్టి, ముడుచుకోకుండా పైన బరువు పెట్టేవారు. తీరిక వేళ ఆడవాళ్లు కూర్చొని, సన్నగా చీల్చిన పుల్లలతో ఆకు అంచును ఆకు మీద వేసి గుండ్రంగా ఇస్తర్లు కుట్టేవారు. పులుసుకు, పచ్చిపులుసుకు దొప్పలు వేరుగా కుట్టేవారు. ఎండిన ఇస్తర్లు నెలల తరబడి నిలువ ఉంటాయి. వాడే ముందు నీళ్లు చిలకరిస్తే మెత్తబడి నేలకు అతుక్కుంటాయి. అందువల్ల పెండ్లికి కావలసిన వందల ఇస్తర్లను ఏడాది ముందు నుంచే పోగు చేసుకునే వీలుండేది. పెండ్లి ఏర్పాట్లలో అన్నిటికన్నా ముందు మొదలయ్యే పని బహుశా ఇదే.

జొన్నరొట్టె, గటక దినం తినే ఇండ్లలో పెండ్లినాడు వరి అన్నం వండడమే గొప్ప. పప్పు, పచ్చిపులుసు, గారెలు, కలిగినవాళ్లైతే యాటకూర. అంతకు మించిన వంటకాల వరుస లేదు. మిగిలిపోవడం అన్న మాట అరుదు. పెండ్లి ముగిశాక పందిరి ఆకు మేకలకు పోయేది, వాసాలు మరో ఇంటికి చేరేవి. ఎంగిలి ఇస్తర్లు పెంటకుప్పకు చేరి, పెండతో కలిసి మాగి, వానలకు ముందు బండ్ల మీద చెలకకు వెళ్లేవి. ఊళ్లో చెత్త వేయడానికి వేరే చోటంటూ అక్కరలేదు. ప్రతి ఇంటికీ పశువులు, పశువుల కొట్టం వెనుక పెంటకుప్ప ఉండడం వల్లే ఇది సాగింది.

ఈ చక్కని ఏర్పాటు కింద మరో ఏర్పాటు ఉంది. కుమ్మరి కుండలు, చాకలి దివిటీ, మంగలి సన్నాయి, మాదిగ డప్పు, వడ్లవాళ్ల పీటలు పెండ్లి పందిట్లో కనిపించే కళలు మాత్రమే కావు, కులాన్ని బట్టి పడిన బాధ్యతలు. సాధారణ రైతు ఇంట్లో దీనికి బదులుగా పంట మీద ధాన్యం, పెండ్లికి బట్టలు, కానుకలు ముట్టేవి. దేశ్‌ముఖు, జాగీర్దారు, పటేలు ఇళ్లలో అది వెట్టి. కుండలు, చెప్పులు, కట్టెలు, మోత, చాకిరి అన్నీ ఊరికే చేయాలి. దొర ఇంట పెండ్లయితే రైతులు పైగా నజరానా సమర్పించుకోవాలి. దొర కూతురు అత్తవారింటికి పోతే ఆడబాపలుగా, అంటే దాసీలుగా, పేదింటి పిల్లలను వెంట పంపే ఆచారం నిజాం రాజ్యపు తెలంగాణలో ఉండేది. బంతి భోజనాల్లోనూ కులానికో వరుస. కొందరికి పందిరి బయట, అందరూ తిన్నాక. పచ్చి పందిరిని తలుచుకొని మురిసిపోయే వ్యాసాలు ఈ భాగాన్ని తరచుగా దాటేస్తాయి.

ఇలాంటి విషయాలు బహిరంగ చర్చకు రావడంలో జోగిపేటకు చరిత్రలో ఒక స్థానం ఉంది. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం 1930 మార్చి 3 నుంచి 5 వరకు ఇక్కడే జరిగింది. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. దానితో పాటు జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. సంఘ సంస్కరణ ఆ సభల ముఖ్య ధోరణి. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం ఆ తరువాత నెల, 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. నిజాం సంస్థానానికి అది వర్తించలేదు. పందిరి ఎంత పచ్చగా ఉన్నా పీటల మీద కూర్చున్నది చిన్నపిల్లలైన పెండ్లిండ్ల కాలం అది. జోగిపేట సభ అధ్యక్షుడే తరువాత తెలుగువారి తిండి, బట్ట, ఆచారాల చరిత్రను ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’గా 1949లో వెలువరించారు. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

ఆంధ్ర మహాసభ 1940ల్లో వెట్టికి ఎదురు నిలిచింది. సాయుధ పోరాటం, 1948లో సంస్థానం విలీనం, 1949లో జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఊరికే కుండ ఇచ్చే కాలం పోయింది. పెండ్లికి కావలసిన పనులు ఒక్కొక్కటిగా నగదు లెక్కలోకి మారాయి. కూలి ఇవ్వాల్సి వచ్చినప్పుడు వందల ఇస్తర్లు కుట్టించడం, మూడు రోజులు పందిరి వేయించడం ఖరీదైన పనులే. ప్లాస్టిక్ రాకముందే పచ్చి పందిరి బలహీనపడడానికి ఇది ఒక కారణం, న్యాయమైన కారణం కూడా.

రెండో కారణం ఆగ్నేయ దిక్కు నుంచి వచ్చింది. రామచంద్రాపురంలో 1960ల్లో బీహెచ్ఈఎల్ వెలిసింది. 1970వ దశకం నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. జోగిపేట పల్లెల యువకులు షిఫ్టు డ్యూటీలకు పోయారు. నెల జీతం వచ్చింది, తీరిక పోయింది. కొమ్మలు నరికి మోసే చేతులు ఊళ్లో తగ్గాయి. బంజర్లు సాగులోకి రావడంతో మోదుగ కూడా పలుచబడింది. అద్దెకు షామియానా, కుర్చీలు, వంటపాత్రలు ఇచ్చే టెంట్‌హౌజ్ ఆ ఖాళీని పూడ్చింది. ఒక ట్రాలీ వస్తుంది, రెండు గంటల్లో గుడారం లేస్తుంది. బంతి పోయి బఫే వచ్చింది. నిలబడి చేతిలో పట్టుకోవాలంటే మోదుగ ఇస్తరి వంగిపోతుంది కనుక గట్టి ప్లేటు అవసరమైంది. థర్మాకోల్ ప్లేటు, ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్ ఆ వెంటే వచ్చాయి. సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా నాందేడ్ వైపు పోయే రోడ్డు, నేటి 161వ జాతీయ రహదారి, బాగుపడేకొద్దీ దాని పక్కన ఫంక్షన్ హాళ్లు లేచాయి. వాటి గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. బఫే వరుసలో కులం అడగరు.

పాత పందిరిలో కొంత భాగం ఈ హాళ్లలోనూ బతికింది. ఐరేని కుండలు నేటికీ తెస్తారు. ఇనుప గొట్టాల మండపానికైనా ఒక పచ్చి కొమ్మ కట్టనిదే పీటల మీద కూర్చోబెట్టరు. తంతుకు అవసరమైనవి నిలిచాయి, విందుకు అవసరమైనవి పోయాయి. చెత్త పుట్టేది మాత్రం విందులోనే.

జీతాలిచ్చిన ఫ్యాక్టరీలే నీళ్లను చెడగొట్టాయి. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో పడి, అక్కడి నుంచి మంజీరలోకి చేరాయి. వాగు ఒడ్డు పల్లెల బావులు, పొలాలు పాడయ్యాయి. దీనిపై 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. మరో పక్క జోగిపేట పొరుగున మంజీర మీద కట్టిన సింగూరు ప్రాజెక్టు, 29.9 టీఎంసీల నిలువతో, హైదరాబాదుకు తాగునీరు ఇచ్చింది. మోటబావి నీళ్లతో పెండ్లిళ్లు చేసిన సీమలో ట్యాంకర్లు, నీళ్ల బాటిళ్లు విందు ఖర్చులో పద్దులయ్యాయి.

ఇప్పుడు తిరిగి ఆకుల వైపు చూపు మళ్లడానికి చట్టాలు కొంత కారణం. లైసెన్సు లేని చోట నూరు మందికి మించి జనాన్ని పిలిస్తే కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, తడి పొడి చెత్త వేరు చేయాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. వాకిట్లో వేసే పెండ్లి పందిరికి కూడా ఇది వర్తించేదే, తెలిసినవాళ్లే తక్కువ. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, అలంకరణ థర్మాకోల్, శుభలేఖల మీద చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. నీళ్ల బాటిల్ ఆ జాబితాలో లేదు.

పాత మెదక్ జిల్లా నుంచి 2016లో విడిపోయిన సిద్దిపేటలో స్టీల్ బ్యాంకులు పెట్టారు. స్టీలు ప్లేట్లు, గ్లాసులు, వంటపాత్రలు ఒకచోట ఉంచి, శుభకార్యాలకు ఇచ్చి, తిరిగి తీసుకుంటారు. గుండీలు ఇచ్చిపుచ్చుకున్న పాత పద్ధతికి ఇది దగ్గరిది. ఉన్నవాళ్ల ఇంటికి బదులు మహిళా సంఘం ఉంది. మిషన్ మీద ఒత్తిన ఆకు ప్లేట్లు కూడా మార్కెట్లోకి వచ్చాయి. వీటిలో కొన్నింటికి వెనుక ప్లాస్టిక్ పొర అతికిస్తారు. అలాంటిది మట్టిలో కలవదు, మేకకు పనికిరాదు. పోకమట్ట ప్లేట్లు మంచివే కానీ పోకతోటలు ఈ సీమలో లేవు, లారీల మీద కర్ణాటక వంటి చోట్ల నుంచి రావాలి. సంగారెడ్డి, జహీరాబాదు ప్రాంతాల్లో చెరకు సాగు ఉంది కనుక చెరకు పిప్పి ప్లేట్ల ముడిసరుకు ఇక్కడిదే.

హైదరాబాదు రింగురోడ్డు నుంచి సంగారెడ్డి దాకా పెరిగిన ఫామ్‌హౌస్‌లు, గార్డెన్లు పేరుకు ఆరుబయటి పెండ్లిళ్లే చేస్తాయి. వైశాఖంలో పచ్చని లాన్ నిలవాలంటే బోరు నీళ్లు ఆగకుండా పారాలి, దీపాలకు డీజిల్ జనరేటర్ తిరగాలి. ఆకు ప్లేటు ఒక్కటి పెట్టినంత మాత్రాన అది పర్యావరణహిత పెండ్లి కాదు.

పల్లెల్లో చిక్కు మరో చోట ఉంది. ట్రాక్టర్లు వచ్చాక ఇండ్లలో పశువులు తగ్గాయి, వాటితో పాటు పెంటకుప్పలూ పోయాయి. ఎంగిలి ఇస్తరి చేరే చోటు లేదు. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీలకు చెత్త ట్రాక్టరు, డంపింగ్ యార్డు, కంపోస్టు షెడ్డు సమకూరాయి. ఆకులు, అన్నం ఒక డ్రమ్ములో, బాటిళ్లు మరో డ్రమ్ములో వేసి ఇస్తే పెండ్లి చెత్త ఆ షెడ్డులో ఎరువవుతుంది. అన్నీ ఒకే కుప్పగా ఎత్తితే మోదుగ ఇస్తరైనా బాటిళ్లతో కలిసి యార్డులో కాలిపోతుంది.