గంట ఎన్నిసార్లు మోగింది?

అవధానం అనగానే మనకి పద్యాలు, పృచ్ఛకులు, శాలువాలు గుర్తొస్తాయి. అసలు ఆ మాటకి అర్థం ధ్యాస పెట్టడం, అంతే. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిది మంది ఉన్నా నా కన్నెప్పుడూ ఇద్దరి మీదే. ఒకరు అప్రస్తుత ప్రసంగం చేసేవారు. అవధాని సమస్య పూరిస్తుంటే మధ్యలో దూరి, కొంటె ప్రశ్నలతో ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. రెండో ఆయన తనకి తోచినప్పుడల్లా గంట కొడతారు. ఎన్ని కొట్టారో అవధాని చివర్లో లెక్క చెప్పాలి. కొన్ని సభల్లో గంటకి బదులు వీపు మీద పూలు వేస్తారు.

దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి (1870-1950) జంటగా గద్వాల, వెంకటగిరి వంటి సంస్థానాలు తిరిగి అవధానానికి ఊరూరా పేరు తెచ్చారు. చెవికి ధ్యాసకి ఉన్న సంబంధం మీద ప్రయోగశాలల్లో గట్టి పని మొదలైంది మాత్రం వాళ్ళ తరం వెళ్ళిపోయాకే.

1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక్కో చెవిలో ఒక్కో ప్రసంగం వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే పలకమన్నాడు. రెండో చెవిలో మగ గొంతు ఆడ గొంతుగా మారితే తెలిసింది. ఇంగ్లీషు కాస్తా జర్మన్ అయిపోతే తెలియలేదు! కాన్ఫరెన్స్ కాల్‌లో ఉంటూ ఈమెయిల్ రాసే మా కన్సల్టెంట్లకి ఇదేమీ వింత కాదనుకోండి. 1959లో నెవిల్ మోరే చూస్తే, పట్టించుకోని చెవిలో తమ పేరు పిలిస్తే మాత్రం సుమారు మూడోవంతు మందికి వినబడింది. అంటే తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు.

మరి ధ్యాస ఆ శబ్దాన్ని ఎక్కడ తగ్గిస్తోంది? 1956లో హెర్నాండెజ్ పియోన్ బృందం పిల్లికి టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపిస్తూ, సీసాలో ఎలుకల్ని చూపించింది. మెదడులో శబ్దం చేరే మొదటి మజిలీలోనే స్పందన తగ్గిందని ప్రకటించింది. కథ బాగుంది, ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. కానీ పిల్లి తల, చెవులు తిప్పితే చెవిలో పడే శబ్దమే మారిపోతుంది కదా! ఆ తర్వాతి పరిశోధకులు పట్టుకున్న లోపం అదే.

నమ్మదగ్గ జవాబు 1973లో వచ్చింది. స్టీవెన్ హిల్యార్డ్ బృందం మనుషుల రెండు చెవుల్లోనూ చిన్న చిన్న స్వరాలు వేగంగా వినిపించి, తల మీద ఎలక్ట్రోడ్లతో కొలిచింది. ధ్యాస పెట్టిన చెవి నుంచి వచ్చిన స్వరానికి, 80 నుంచి 110 మిల్లీసెకన్లలోపే, మెదడు స్పందన పెద్దదైంది. రెండో చెవి స్వరానికి స్పందన లేకపోలేదు, చిన్నదిగా ఉందంతే. గంట కొట్టే పృచ్ఛకుడు పరీక్షించేది సరిగ్గా ఆ చిన్న స్పందననే అని నా అభిప్రాయం. పద్యం మీద ధ్యాస ఉన్నా గంట పూర్తిగా ఆరిపోకూడదు.

ఇదంతా ఎందుకంటే, ఇక్కడ నోవైలో మన ఇళ్ళకి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలు పార్టీల్లో ఓ మూల మౌనంగా కూర్చుంటారు. "నాన్నగారికి చెవుడొచ్చింది" అనేస్తాం. నిశ్శబ్దపు గదిలో ఆయనకి అన్నీ వినబడతాయి. పదిమంది మాటల్లోంచి ఒక్క గొంతు ఏరుకోవడమే వయసుతో కష్టమవుతుంది. మామూలు వినికిడి మిషన్ గొంతుతో పాటు గోలనీ పెంచుతుంది.

2012లో మెస్గరాని, చాంగ్ మూర్ఛ రోగుల మెదడు మీది ఎలక్ట్రోడ్లతో, ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే రోగి ఎవరిని వింటున్నాడో గుర్తుపట్టారు. ధ్యాసని చదివి ఆ గొంతునే పెంచే మిషన్ మీద పని సాగుతోంది. ఈలోగా నాన్నగారిని టీవీకి దూరంగా, గోడ వైపు వీపు ఉండేలా కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని ఒక్కరొక్కరుగా మాట్లాడి చూడండి.