సాన – కురువిందము



నేను బడిలో నుండగా ఒకనాడు కొరండమను ఖనిజమును గూర్చి చెప్పుచు, ఇది పాశ్చాత్యుల మాట యంటిని. వడ్రంగివారి పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ, మా తాత సానపొడిని కురువిందమనును" అనెను. తప్పని గద్దించి వానిని కూర్చుండబెట్టితిని.

పిదప గ్రంథములు చూడగా తప్పు నాదే యని తేలినది.

కురువిందము కెంపునకు, నీలమునకు జ్ఞాతి. కాఠిన్యమున వజ్రము 10 అయిన ఇది 9. మన దేశపు సానవారు దీని పొడిని కరగిన లక్కతో కలిపి చక్రముగా పోసి, ఇరుసునకు బిగించెడివారు. ఒకడు వారు లాగి చక్రమును త్రిప్పుచుండ, మఱియొకడు మొక్కవోయిన కత్తిని దానికి ఆనించును. ఒత్తిడి మించి వేడి పుట్టెనా, లక్క మెత్తబడును. ఉక్కు పదును చెడును. కావున తేలికచేయి వలయును.

1798లో చార్లెస్ గ్రెవిల్ అను నాతడు ఈ రాతిని గూర్చి లండను రాయల్ సొసైటీ పత్రికలో వ్రాసెను. కొరండమను పేరు తమిళుల కురుందము, మన కురువిందముల వలన పుట్టినదే. 1891లో అమెరికాలో ఎడ్వర్డు ఆచెసన్ బంకమట్టిని, బొగ్గుపొడిని విద్యుత్తుచే కాల్చి, కఠినమగు స్ఫటికములు పొందెను. అవి కార్బనము, కొరండముల కలయిక యని భ్రమించి కార్బొరండమని పేరిడెను. నిజమునకు అందు కొరండము లేదు. పేరు మాత్రము నిలిచినది. నేడు వడ్రంగి బజారున కొను రాతి పేరిట ఆ తాతమాటయే దాగియున్నది.

శాస్త్రజ్ఞుడు పొరబడెను, బడిపంతులు పొరబడెను, తాత పొరబడలేదు. ఆ బాలునితో ఈ మాట చెప్పు భాగ్యము నాకు కలుగలేదు. మీ యూర పనిముట్టు పట్టిన వృద్ధుల మాటలను పిల్లలచే వ్రాయించి యుంచుడు. సెలవు.